లీటరుకి ఆరు కిలోమీటర్ల కోసం

మా మందుల బండి లీటరు పెట్రోలుకి నాలుగుంపావు కిలోమీటర్లు నడిచేది. ఆరు నడిచేలా చేయించగలిగితే ఉంచుతాం, లేకపోతే అమ్మేస్తాం అని మా ఆసుపత్రి కమిటీ తేల్చి చెప్పింది. ఎనభైల మొదట్లో నేనూ, డ్రైవరు సింహాచలమూ విశాఖపట్నం వెళ్ళింది ఆ పని మీదే. ఇలాంటి పెద్ద బండ్లు ఇంకా కొన్ని ఆసుపత్రుల షెడ్లలో పడి ఉన్నాయని విన్నాను. వాటిని తుక్కు కింద అమ్మేసే ముందు ఒకసారి ఈ ప్రయాణం చేసి చూడమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను సాలూరు దగ్గర ఒక చిన్న ధర్మాసుపత్రిలో నర్సుగా పనిచేసేదాన్ని. మా బండి మామూలు జీపు కాదు. ఎవరో విదేశీ దాతలు ఇచ్చిన పెద్ద వ్యాను. నాలుగు చక్రాలూ లాగుతాయి. పదిమంది కూర్చోవచ్చు, సీట్లు మడిస్తే ఒకరిని పడుకోబెట్టవచ్చు. సోమవారం, గురువారం దాన్నేసుకుని బస్సు వెళ్ళని అయిదు కొండ ఊళ్ళకి వెళ్ళేవాళ్ళం. అక్కడ క్షయ జబ్బుతో ఉన్నవాళ్ళకి అప్పట్లో వారానికి రెండుసార్లు సూదిమందు పడాలి. మధ్యలో ఆపేస్తే జబ్బు మొండికేస్తుంది, ఆ తర్వాత ఆ మందు పనిచెయ్యదు. పెట్రోలు ధర మళ్ళీ మళ్ళీ పెరిగాక కమిటీ చేతులెత్తేసింది. పెద్ద డాక్టరుగారు వాళ్ళని బతిమాలి మూడు రోజులు గడువు తెచ్చారు. గురువారం కొండ దిగాక బయల్దేరి, సోమవారం పొద్దున్నకి మళ్ళీ కొండ ఎక్కాలి.

శుక్రవారం ఉదయం అయిదున్నరకి సాలూరు వదిలాం. సింహాచలానికి అప్పటికి యాభై దాటాయి. బొబ్బిలి దగ్గర రైతు కుటుంబం వాళ్ళది. తొమ్మిదేళ్ళుగా ఆ బండి తప్ప వేరే బండి ముట్టుకోలేదు. దాని గురించి ఎవరేమన్నా తనని అన్నట్టే బాధపడేవాడు. ఏడింటికి గజపతినగరంలో టీ తాగాం. ఎనిమిదిన్నరకి విజయనగరంలో ఇడ్లీ, అల్లం చట్నీ. కొత్తవలస దగ్గర రైల్వే గేటు పడితే అరగంట ఆగాం. ముడి ఇనుము రైలు, డబ్బా తర్వాత డబ్బా, పోతూనే ఉంది. ఆ అరగంటా ఇంజను నడుస్తూనే ఉంది. ఆపితే మళ్ళీ అందుకోదని సింహాచలం భయం. మా వెనకాల సైకిలు మీద ఉన్న పాలాయన కిటికీ దగ్గరికి వచ్చి లోపల రోగి ఉన్నారా అని అడిగాడు. లేరన్నాను. ఆయన పొగ గొట్టం వైపు ఒకసారి చూసి ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

పెందుర్తి మీదుగా ఊళ్ళోకి వచ్చి, చేపల రేవు చేరేసరికి పన్నెండు కావొస్తోంది. సింహాచలం బావమరిది పోర్టుకి లారీ తోలేవాడు. అతను చెప్పిన మెకానిక్ పేరు నూకన్న. యారాడలో జాలరి కుటుంబంలో పుట్టి, వేటకి వెళ్ళకుండా పడవల ఇంజన్లు బాగుచెయ్యడం నేర్చుకున్న మనిషి. నలభై ఏళ్ళుంటాయి. సముద్రం అల్లకల్లోలంగా ఉండడంతో ఆ వారం పడవలన్నీ రేవులోనే ఉన్నాయి. ఆదివారం దాకా వేట లేదనీ, ఆలోగా మా పని చూస్తాననీ చెప్పాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కప్పు మీద ఇనప చట్రం, దానిమీద డేరా గుంజలు, ముందువైపు దాతల పేర్లతో గుమ్మమంత బోర్డు చూశాడు.

"ఇదేటి బావా, తెరసాప కట్టీసినావు? గాలంతా దీనికే తగుల్తాది" అన్నాడు సింహాచలంతో.

సింహాచలం మొహం ముడుచుకున్నాడు. ఆ బోర్డు పెట్టించింది కమిటీ అని నేను సర్దిచెప్పాను.

బాగుచెయ్యక ముందు ఎంత తాగుతుందో చూడాలన్నాడు నూకన్న. కొలవడానికి సరైన సీసా లేకపోతే నా మందుల పెట్టెలోంచి గీతలున్న సెలైన్ సీసా తీసి ఇచ్చాను. దాని రబ్బరు గొట్టం పెట్రోలుకి కరిగిపోతుందని పక్కన పడేసి, తన గొట్టం తగిలించాడు. సీసాలో సరిగ్గా అరలీటరు పోసి, ట్యాంకు బదులు దాన్నే ఇంజనుకి కలిపి, మాకు కనబడేలా ముందు సీటు పక్కన కట్టాడు. గాజువాక వైపు పెద్ద రోడ్డు మీద ఒక కిలోమీటరు రాయి దగ్గర బయల్దేరాం. రోడ్డు నిండా ఉక్కు కర్మాగారం కట్టడానికి ఇనుమూ, సిమెంటూ మోసుకెళ్ళే లారీలు. రెండో రాయి దాటాక కాస్త దూరానికే బండి దగ్గి ఆగిపోయింది. లీటరుకి ఆరు రావాలంటే అరలీటరుతో మూడో రాయి దాటాలి. అది అక్కడికి కనబడను కూడా లేదు.

అది ఆగిన చోట టీ బడ్డీ ఉంది. బెంచీ మీద ఖాకీ చొక్కాతో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. గుత్తేదారు సిమెంటు గోడౌనుకి కాపలా అట. మేమేం కొలుస్తున్నామో అడిగి తెలుసుకున్నాడు. కర్మాగారానికి తీసుకున్న భూముల్లో తన రెండెకరాలు ఉన్నాయనీ, ఇప్పుడు తన చేను మధ్యలోంచే లారీ బాట పోతోందనీ మామూలు సంగతి చెప్పినట్టు చెప్పాడు. క్షయ మందు గురించి నేను చెబితే, తన తమ్ముడు ఆ జబ్బుతోనే పోయాడన్నాడు.

షెడ్డుకి తిరిగొచ్చి ఇంజను చల్లారాక నూకన్న విప్పడం మొదలుపెట్టాడు. మొదట పెట్రోలుని గాలితో కలిపే కార్బురేటరు. అందులో పెట్రోలు వచ్చే ఇత్తడి బెజ్జం చిన్నగా ఉండాలి. చెత్త అడ్డుపడినప్పుడల్లా తీగ దూర్చి దూర్చి అది పెద్దదైపోయింది. ఎంత పెద్దదైందో చూడడానికి నా పెట్టెలోంచి రెండు సూదులు అడిగి తీసుకున్నాడు. సన్నసూది వదులుగా ఊగింది. లావు సూది కూడా దూరింది. తర్వాత నీళ్ళ గొట్టం విప్పి లోపలికి వేలు పెట్టి చూసి, సింహాచలం వైపు తిరిగాడు.

"ఇక్కడుండాల్సింది ఏటయింది?" అని అడిగాడు.

సింహాచలం తలదించుకున్నాడు. ఆ సంగతి అంతవరకూ నాకూ తెలియదు. నేను ఆ ఆసుపత్రికి రాకముందు ఒక వేసవిలో, నొప్పులు పడుతున్న ఒక గిరిజన స్త్రీని తీసుకొస్తుంటే కొండ ఘాటు రోడ్డు మీద ఇంజను పొగలు కక్కి ఆగిపోయిందట. చుట్టూ అడవి. ఇంజనులో నీళ్ళని వేడెక్కేదాకా ఆపి ఉంచే థెర్మోస్టాట్ అనే చిన్న బిళ్ళ అడ్డంగా ఉందని, దాన్ని పీకి లోయలో పారేసి, వాగు నీళ్ళు పోసి బండి నడిపించాడట. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. అప్పటినుంచి ఇంజను ఎప్పుడూ కాగలేదు. అందుకే అదే మంచిదనుకున్నాడు. నిజానికి ఇంజను ఎప్పుడూ చల్లగానే ఉండిపోతోంది. చల్లటి ఇంజను పెట్రోలు సరిగా కాల్చలేదు, తాగుతూనే ఉంటుంది.

"అంటే ఇన్నాళ్ళూ పెట్రోలు తగలేసింది నానేనేటి?" అన్నాడు సింహాచలం.

నూకన్న రేడియేటరు మూత తీసి, లోపల పేరుకున్న ఎర్రమట్టిని వేలితో తీసి చూపించాడు. అసలు అడ్డం ఇది, ఆ బిళ్ళ కాదు అన్నాడు. తర్వాత బీడీ ఒకటి సింహాచలానికి ఇచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆ రోజు నువ్వు సేసింది తప్పు కాదు బావా. ఆ రోజుకి అదే మందు. జొరం తగ్గిపోయినాక కూడా అదే మందు ఏసుకుంటా కూకున్నావు, అంతే."

ఆ మాట నేను ఎన్నో ఏళ్ళు రోగులకి చెప్పాల్సి వచ్చిన మాట. అంత మెత్తగా నాకు చెప్పడం వచ్చేది కాదు.

సాయంత్రం ఆరింటికి సింహాచలాన్ని బండి దగ్గర వదిలి, నాతో నర్సింగు చదివిన సరోజిని ఇంటికి మద్దిలపాలెం సిటీ బస్సులో వెళ్ళాను. బస్సులో ఎండుచేపల బుట్టతో ఎక్కిన ఒకామెకి చోటిచ్చి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. నూకన్న పేరు చెబితే ఆమెకి తెలుసు. "మా ఆయన ఇంజిను రెండుసార్లు బాగుసేసినాడు. సెప్పిన రోజుకి ఇచ్చేత్తాడమ్మ" అంది. ఆ రాత్రి నేను బాగా నిద్రపోయానంటే సగం ఆమె మాట వల్లే.

శనివారం ఎనిమిదింటికల్లా రేవుకి వచ్చేశాను. రేడియేటరు విప్పి కింద నుంచి పైకి నీళ్ళు కొట్టి కడిగారు. ఎర్రటి బురద రెండు బకెట్లు వచ్చింది. థెర్మోస్టాట్ కోసం నేనూ సింహాచలమూ పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాం. ఓడల్లోంచి వచ్చిన ఇత్తడి దీపాలు, గొలుసులు, గడియారాలు దొరికాయి గానీ మా బండికి సరిపడే బిళ్ళ దొరకలేదు. పదకొండింటికి వట్టి చేతులతో వెళితే, నూకన్న పడవ ఇంజను థెర్మోస్టాట్ ఒకటి తీసి చేతిలో పెట్టుకుని ఉన్నాడు. అది మా గొట్టానికి చిన్నది. లోహం చెక్కే లేతు మిషను ఆయన దగ్గర దాని చుట్టూ ఇత్తడి కడియం తిప్పించి, వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెట్టాడు. కార్బురేటరులో బెజ్జం పెద్దదైన ఇత్తడి జెట్టు తీసేసి కొత్తది వేశాడు.

ఆ తర్వాత ముందు చక్రాల దగ్గర మాకూ ఆయనకీ కాస్త వాదన జరిగింది. ఈ బండి చదును రోడ్డు మీద వెళుతున్నా ముందు చక్రాలు లోపలి ఇరుసుల్ని ఊరికే తిప్పుతూ ఉంటాయట. ఆ బరువంతా పెట్రోలు మీదే. ముందు చక్రాలకి ఇంజను బలం అందించే షాఫ్టు మొత్తం తీసేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. మా దారిలో వాగు ఉంది, వానాకాలం నాలుగు చక్రాలూ లాగకపోతే అవతలి రెండు ఊళ్ళకీ మందు అందదని చెప్పాను. ఆయన, చక్రాన్ని ఇరుసుకి కలుపుతూ మధ్యలో ఉండే పట్టు బిళ్ళని విప్పి దాని బదులు వట్టి మూత బిగించే ఏర్పాటు చేశాడు. ఎండాకాలం మూత, వానాకాలం బిళ్ళ. మార్చడానికి పావుగంట చాలు. సింహాచలం చేత రెండుసార్లు మార్పించి చూశాడు. ఇలాంటి బండి ఉన్నవాళ్ళు మెకానిక్ చెప్పిందే కాకుండా తమ దారి ఎలాంటిదో కూడా ఆయనకి చెప్పాలి.

కప్పు మీది చట్రం దించేశారు. దాతల బోర్డు కూడా దించి, పేర్లు లోపలి తలుపు మీద చిన్న అక్షరాలతో రాయిస్తానని కమిటీ తరఫున నేనే మాటిచ్చేశాను. సాయంత్రం అయిదింటికి మళ్ళీ సీసాలో అరలీటరు పోసి అదే రాయి దగ్గర బయల్దేరాం. ఇంజను చప్పుడే మారిపోయింది. రెండో రాయి దాటాం, టీ బడ్డీ దాటాం. మూడో రాయి కనబడింది. కనబడుతుండగానే బండి దగ్గి, జారుకుంటూ జారుకుంటూ ఆగిపోయింది. దిగి అడుగులు లెక్కపెట్టాను. ఇంకా మూడువందల పైన ఉన్నాయి.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. మర్నాడు మధ్యాహ్నానికల్లా బయల్దేరాలి. ఇది చాలా మెరుగే కదా, కమిటీ ఒప్పుకోదా అని నూకన్న అడిగాడు. ఒప్పుకోదన్నాను. మేం బయల్దేరకముందే కొనేవాడొకడు ఆసుపత్రికి వచ్చి బండి చూసి వెళ్ళాడు. నూకన్న ఒక్కో చక్రం దగ్గర కూర్చుని మధ్యలో అరచెయ్యి ఆనించి చూశాడు. వెనక ఎడమ చక్రం దగ్గర చెయ్యి చటుక్కున తీసేశాడు. నన్నూ పెట్టి చూడమన్నాడు. జ్వరం ఉన్న ఒళ్ళు కాదు, పొయ్యి మీది పెనంలా ఉంది. బ్రేకు వదలకుండా పట్టుకునే ఉందన్నమాట. మూడు చక్రాలు వెళ్తుంటే ఒకటి ఆపుతోంది.

ఆదివారం ఉదయం ఆరింటికి ఆ చక్రం విప్పారు. తుప్పు పట్టిన స్ప్రింగు మార్చి, పట్టేస్తున్న చోట ఆకురాయితో రాకి, చేత్తో తిప్పితే ఆగకుండా తిరిగేలా చేశారు. అన్ని టైర్లలో గాలి కొలిచి నింపారు. ఏడున్నరకి రోడ్డెక్కబోతుంటే నూకన్న సింహాచలాన్ని చెప్పులు విప్పమన్నాడు. సింహాచలానికి అర్థం కాలేదు.

"నీ కాలు బరువెక్కువ బావా. సెప్పుతో తొక్కితే నీకు తెలీదు. ఉత్త కాలితో తొక్కు, ఎంత తొక్కుతన్నావో అదే సెప్తాది" అన్నాడు.

సింహాచలం చెప్పులు విప్పి సీటు కింద పెట్టాడు. ఎప్పుడూ గేరు మార్చేముందు గట్టిగా రేసు చేసేవాడు. ఆ రోజు నిద్రపోయే పసిపిల్లని ఎత్తుకున్నంత మెల్లగా తోలాడు. ముందు లారీ బ్రేకు వేస్తుందని దూరం నుంచే చూసి కాలు తీసేశాడు. నేను సీసానే చూస్తున్నాను. సీసా అడుగున వేలెడు పెట్రోలు ఉండగా మూడో రాయి వచ్చింది. టీ బడ్డీ దగ్గర కలిసిన కాపలా ముసలాయన ఆ రాయి పక్కనే వచ్చి కూర్చుని ఉన్నాడు. మేం ఆగకుండా దాటేసరికి లేచి నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి ఊపాడు. ఆ తర్వాత కూడా బండి చాలా దూరం వెళ్ళింది. లెక్క చూస్తే లీటరుకి ఆరుముప్పావు.

సింహాచలం బండి పక్కకి ఆపి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. అతని భయం ఇంకా తీరలేదని నూకన్నకి తెలుసు. ఆ థెర్మోస్టాట్ బిళ్ళ మళ్ళీ పెట్టాక ఘాటు మీద ఇంజను కాగితే ఎలాగన్నదే అతని దిగులు. అందుకని షెడ్డుకి తిరిగి వెళ్ళనివ్వకుండా నేరుగా యారాడ కొండ ఎక్కించాడు. దారి ఏటవాలు, మలుపులు. నూకన్న దారిలో మా చేత ఇసక బస్తాలు కూడా వేయించాడు, లోపల రోగులున్నంత బరువుండాలని. సింహాచలం కళ్ళు రోడ్డు మీద కంటే వేడి చూపించే ముల్లు మీదే ఎక్కువున్నాయి. ముల్లు సగం దాకా వచ్చి అక్కడే నిలిచింది. కొండెక్కినా, దిగినా అది కదల్లేదు. అవతల ఒక్కసారిగా సముద్రం కనబడింది. గాలి అప్పటికే తగ్గిపోయింది, కింద ఊళ్ళో వాళ్ళు వలలు ఆరబెడుతున్నారు.

యారాడలో వాళ్ళింట్లో నూకన్న భార్య మాకు అన్నం, చేపల పులుసు పెట్టింది. సింహాచలం తినే ముందు చేతులు కడుక్కుని, తడి చేతులతోనే నూకన్న రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఈ తొమ్మిదేళ్ళూ ఘాటు ఎక్కిన ప్రెతిసారీ నాను దడుసుకుంటానే ఉన్నాను బావా. ఎవులికీ సెప్పలేదు" అన్నాడు.

నూకన్న తన కూలి తాను పడవల వాళ్ళ దగ్గర తీసుకునేంతే తీసుకున్నాడు, ఎక్కువా కాదు తక్కువా కాదు. ఊరికే చేశానని అనిపించుకోవడం తనకి ఇష్టం లేదన్నాడు. అతని కుడిచేతి మీద ఎప్పటిదో కాలిన పుండు మానకుండా ఉంటే శుభ్రం చేసి కట్టు కట్టాను. దానికి మాత్రం నేనూ ఏమీ తీసుకోలేదు, అతనూ ఇస్తాననలేదు.

ఒంటిగంటన్నరకి తిరుగు ప్రయాణం. పెందుర్తిలో సోడా తాగాం. కొత్తవలసలో గేటు మళ్ళీ పడింది. సింహాచలం తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. చుట్టుపక్కల పిట్టల కూతలు వినిపించాయి. గేటు లేచాక బండి మొదటి తిప్పుకే అందుకుంది. విజయనగరం బజారులో ఆగి అతను తన భార్యకి గాజులు కొన్నాడు. నేను ఆసుపత్రికి కావలసిన దూది కొన్నాను.

అయిదింటికి రామభద్రపురం కూడలిలో ఎవరో చెయ్యెత్తి బండి ఆపారు. మా కొండ ఊరి గంగమ్మ. వారానికి రెండు సూదులు వేయించుకునేవాళ్ళలో ఒకామె. అన్న ఇంటికి వచ్చి, బండి అమ్మేశారని ఎవరో చెబితే, సాలూరు వెళ్ళి డాక్టరుగారినే అడుగుదామని బస్సు కోసం నిలబడిందట. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. ఎక్కించుకుని నూకన్న భార్య కట్టి ఇచ్చిన అన్నం ఆమెకి పెట్టాను. సగం తిని, మిగతాది చేతిలో పట్టుకుని నన్ను అడిగింది.

"రేపు సోమారం బండి వత్తాదా అమ్మా?"

నేను నోరు తెరిచేలోగా ముందు సీట్లోంచి సింహాచలం చెప్పాడు. "వత్తాది. రేపే కాదు, గురువారం కూడా వత్తాది."

ఆమె మళ్ళీ అన్నం తినడం మొదలుపెట్టింది. నా జీవితంలో చాలా ఊళ్ళు చూశాను, విశాఖపట్నం కూడా ఆ తర్వాత ఎన్నోసార్లు వెళ్ళాను. ఎప్పుడు వెళ్ళినా ఆ ఊరంటే నాకు ఓడలు, కర్మాగారం గుర్తుకు రావు. తన భూమి పోయినా మా బండి మూడో రాయి దాటిందని లేచి నిలబడిన మనిషి, మూడు రోజుల్లో ఒక ఇంజనునీ, ఒక డ్రైవరునీ బాగుచేసిన మనిషి గుర్తొస్తారు. వాళ్ళిద్దరికీ నేను సరిగా నమస్కారం కూడా చెప్పి రాలేదు. సాలూరు దీపాలు కనబడేసరికి గంగమ్మ నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది.